బొల్లి మచ్చకు కొత్త చర్మం

బొల్లికి మన దేశంలో తరతరాలుగా వాడిన మందు బావంచాలు. ఆ గింజల నూనె మచ్చకు రాసి ఎండ తగలనిచ్చేవారు. గింజల్లో ఉన్న సోరలెన్, ఎండతో కలిసి కొందరికి రంగు తెప్పించేది. పెదవులకు, వేళ్ల కొసలకు మాత్రం ఆ మేలు పెద్దగా దక్కలేదు. రంగునిచ్చే మెలనోసైట్ కణాలు ఎక్కువగా వెంట్రుకల కుదుళ్లలోంచే తిరిగి పుట్టుకొస్తాయి. పెదవుల మీద, వేళ్ల కొసల మీద ఆ కుదుళ్లే లేవు.

రాని కణాలను తెచ్చి నాటడమే దారి.

జర్మన్ సర్జన్ కార్ల్ థియర్ష్ 1874లో పుండ్లు మాన్పడానికి పలుచటి చర్మపు పొరలు అతికించాడు. ఆ పద్ధతిని 1964లో బొల్లికి వాడి చూపినవారు ఢిల్లీ చర్మవైద్యుడు పి.ఎన్. బెహల్. మచ్చ పైపొర గీకేసి, మంచి చర్మం నుంచి తీసిన పొరను దానిమీద పరిచారు. ఫలితం బాగుండేది. కానీ మచ్చ ఎంత పెద్దదో, తీయాల్సిన చర్మమూ అంతే ఉండాలి. ఆ తర్వాతి చరిత్రంతా తక్కువ చర్మంతో ఎక్కువ మచ్చను కప్పే ప్రయత్నమే.

కొలంబియా వైద్యుడు రఫాయెల్ ఫలబెల్లా 1971లో గాలి పీల్చే పరికరంతో బొబ్బలు లేపి, వాటి పైపొరను మాత్రమే తీసి అతికించాడు. లోపలి చర్మానికి దెబ్బ తగలదు కాబట్టి తీసినచోట గాయపు గుర్తు మిగలదు. పరికరాలకు డబ్బు లేని మన ఆసుపత్రుల్లో వైద్యులు మామూలు సిరంజీలతోనే ఆ బొబ్బలు లేపారు. పంచ్ అనే పరికరంతో మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ముక్కలు తీసి విత్తనాల్లా నాటే పద్ధతీ మన దగ్గర బాగా వ్యాపించింది. అందులో ఖర్చు తక్కువ, కానీ చర్మం గులకరాళ్లు పరిచినట్టు ఎగుడుదిగుడుగా మిగిలే ప్రమాదం ఉంది.

1992లో ఫ్రాన్స్‌లో గోతియే, సుర్లేవ్-బజేయ్ చర్మాన్నే కణాలుగా విడదీశారు. చిన్న ముక్కను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లో ఉంచి, విడివడిన కణాల ద్రవాన్ని మచ్చలోకి ఎక్కించారు. ఈ పద్ధతి మెరుగుపడ్డాక, తీసిన చర్మానికి పది రెట్ల మచ్చనైనా కప్పగలిగారు. ఇప్పుడు మన దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లోనూ ఇది జరుగుతోంది.

ఇన్ని పద్ధతులకూ షరతు ఒక్కటే. కనీసం ఏడాదిపాటు పాత మచ్చ పెరగకూడదు, కొత్తది రాకూడదు. వ్యాధి చురుగ్గా ఉన్నప్పుడు కత్తి పెడితే, చర్మం తీసినచోట కూడా బొల్లి పుట్టవచ్చు. అందుకే ఆపరేషన్ గురించి అడిగేముందు మచ్చల ఫొటోలు నెలనెలా తీసి దాచి, చర్మవైద్యుడికి చూపించండి.