పంచుకునే సంఘం: యెరూషలేము నుంచి కొల్లేటి దాకా

ఆస్తులమ్మి, ఎవరికెంత అవసరమో అంత పంచుకున్న యెరూషలేము విశ్వాసుల కథ ‘అపొస్తలుల కార్యములు’ 2, 4 అధ్యాయాల్లో ఉంది. సమసమాజం కోరిన యూరప్‌వాళ్లు ఎందరో ఆ కథ దగ్గరికే వెళ్లారు. 1525లో జర్మన్ రైతుల పక్షాన నిలిచి బోధకుడు థామస్ మ్యూంట్సర్ తల పోగొట్టుకున్నాడు. 1850లో ఆ తిరుగుబాటు చరిత్ర రాసిన ఎంగెల్స్, 1894లో తొలి క్రైస్తవాన్ని పీడితుల ఉద్యమంగా వివరించాడు. అవసరాన్ని బట్టి పంపకమనే మాట 1875లో మార్క్స్ రాతల్లోనూ ఉంది. అయితే యెరూషలేము సంఘం మనసున్నవాళ్లను ఇమ్మంది. మార్క్స్ ఉత్పత్తి సాధనాలే ఉమ్మడి కావాలన్నాడు.

మనసున్నవాళ్లు ఇవ్వాలన్న మాట గోదావరి జిల్లాకు ముందే చేరింది. క్రైస్తవుడు సొమ్ము కూడబెట్టరాదని 1825లో పుస్తకం రాసిన మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట బౌడెన్, బీర్ దంపతులు 1836లో వచ్చి నరసాపురం వైపు స్థిరపడ్డారు. 1854లో ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం వెలిసింది. వట్లూరు లాంటి ఊళ్ల చుట్టూ ఉన్న మాల, మాదిగ పేటల్లో బడి, ప్రార్థన ఒకే కప్పు కింద నడిచాయి. పంచుకోవడమూ అలవాటైంది: ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్లు గుప్పెడు తీసి చర్చి కోసం విడిగా దాచేవాళ్లు. ఆ బియ్యం సంఘ కాపరిని పోషించింది గానీ పొలం ఎవరిదన్న ప్రశ్న వేయలేదు.

ఆ ప్రశ్న వేసింది కమ్యూనిస్టులు. 1934లో ఆంధ్రలో పార్టీ పుట్టింది. కమ్యూనిజాన్ని ఖండిస్తూ 1937లో పోప్ పత్రం వెలువరించినా, పేటల్లో ఆదివారం గుడికీ, మిగతా రోజుల్లో కూలి సంఘానికీ వెళ్లడం చాలామందికి వింతగా తోచలేదు. 1952 శాసనసభ ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల నుంచి పార్టీకి 41 స్థానాలొచ్చాయి. 1955కు అవి 15కు పడిపోయాయి.

చర్చి వాగ్దానమూ, పార్టీ వాగ్దానమూ కులం దగ్గర తడబడ్డాయి. చర్చిలో మాలలు, మాదిగలు విడివిడిగా కూర్చున్న ఊళ్లున్నాయి. కొల్లేరు సరస్సుకు అవతల గుడివాడ ప్రాంతపు దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కె.జి.సత్యమూర్తి 1980లో నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకరు. పార్టీలో కులం మాటెత్తాక ఆయన బయటికి పోవాల్సి వచ్చింది.

ఉమ్మడి ఆస్తి చివరికి వచ్చింది సర్కారు చేతి మీదుగా. 1976లో కొల్లేటిలో మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాల పేరున చెరువులిచ్చారు. చేపల సాగుకు పెట్టుబడి కావాలి. అది లేని సంఘాలు చెరువులను డబ్బున్నవాళ్లకు లీజుకిచ్చాయి. కాగితం మీద సొంతదారు సంఘమే. లాభం మాత్రం గట్టు దాటి పోయింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, దాంతో 2006లో చెరువుల గట్లు పగలగొట్టారు.

బైబిలు కథలో అమ్మడానికి విశ్వాసుల చేతిలో ఏదో ఒక ఆస్తి ఉంది. మన పేటల్లో అదే లేదు. ఇచ్చే మనసు మీద చర్చి, పట్టా మీద సర్కారు ఆధారపడ్డాయి. పెట్టుబడి, కులం మారకుండా పంపకం నిలవదని ఈ చరిత్ర చెబుతోంది.