కోర్చులాలో గుర్తొచ్చిన మోటుపల్లి

ఇది ఈ వారం ఎపిసోడ్‌కి రాతరూపం. మాట్లాడేటప్పుడు తడబడ్డ చోట్ల సరిచేశాను, టైం చాలక వదిలేసిన నాలుగు సంగతులు చేర్చాను. వినేసినవాళ్ళు కూడా ఒకసారి చదవొచ్చు.

మొన్న అక్టోబరులో మేం ముగ్గురం, అంటే నేను, మా ఆవిడ, మా అమ్మాయి, క్రొయేషియా వెళ్ళొచ్చాం. అందరూ వెళ్ళే డుబ్రోవ్నిక్‌లో రెండు రోజులు ఉండి, అక్కణ్ణుంచి పెల్యెషాట్స్ ద్వీపకల్పం మీదుగా ఒరెబిచ్ అనే ఊరు చేరి, అక్కడ ఫెర్రీ ఎక్కాం. పావుగంటలో అవతలి ఒడ్డు. అదే కోర్చులా. ద్వీపం పేరూ అదే, ఊరి పేరూ అదే. మధ్యధరా సముద్రానికి ఒక చెయ్యిలాంటి ఏడ్రియాటిక్‌లో ఉంది.

సీజన్ అయిపోయింది కాబట్టి ఊరు నిశ్శబ్దంగా ఉంది. సగం హోటళ్ళు మూసేశారు. గోడమీద కూర్చుని ఇద్దరు పెద్దాయనలు మాట్లాడుకుంటున్నారు, పిల్లి ఒకటి ఎండలో పడుకుంది, అంతే సందడి. పాత ఊరంతా అరగంటలో నడిచేయొచ్చు. వీధుల అమరిక మాత్రం చూడాలండీ. చేప ముల్లులా ఉంటుంది: మధ్యలో ఒక వెన్నెముక, అటూ ఇటూ సన్నటి సందులు. పడమటివైపు సందులు తిన్నగా ఉంటాయి, వేసవిలో చల్లటి గాలి లోపలికి రావాలని. తూర్పువైపువి కొంచెం వంపు తిరిగి ఉంటాయి, చలికాలంలో వీచే బూరా అనే ఈడ్చికొట్టే గాలి నేరుగా దూరకూడదని. గాలికి కూడా వీసా పెట్టారన్నమాట అని మా ఆవిడ అంటే ముగ్గురం నవ్వుకున్నాం. ఆ జోకు వెనక కథ కింద చెప్తాను.

ఈ ఊరిని 1420 నుంచి 1797 దాకా వెనిస్ ఏలింది. అందుకే ఎక్కడ చూసినా రెక్కల సింహం బొమ్మలు. ఊరి మధ్య సెయింట్ మార్క్ చర్చి. దానికి నాలుగడుగుల దూరంలో సన్నగా పొడుగ్గా ఒక రాతి ఇల్లు, దానికి 'మార్కో పోలో ఇల్లు' అని బోర్డు. మార్కో పోలో ఇక్కడే పుట్టాడని ఈ ఊరివాళ్ళ మాట. వెనిస్ వాళ్ళు ఒప్పుకోరు. చరిత్రకారుల్లో కూడా ఎక్కువమంది ఒప్పుకోరు. ఆ ఇల్లు కూడా ఆయన పోయిన చాలాకాలం తర్వాత కట్టిందే.

కానీ మార్కో పోలోకీ ఈ నీళ్ళకీ ఇంకో లింకు చెప్తారు. 1298 సెప్టెంబరులో ఈ ద్వీపం పక్కనే జెనోవా నౌకాదళం, వెనిస్ నౌకాదళం కొట్టుకున్నాయి. వెనిస్ చిత్తుగా ఓడిపోయింది. ఆ యుద్ధంలోనే మార్కో పోలో ఖైదీగా దొరికాడని ఒక పాత కథనం. కాదు, అంతకుముందే వేరేచోట దొరికాడని ఇంకో కథనం. ఎక్కడ దొరికినా జెనోవా జైల్లో పడ్డమాట ఖాయం. అక్కడ రుస్తికెల్లో అనే పీసా రచయిత తోడయ్యాడు. ఈయన చెప్పడం, ఆయన రాయడం. అలా తయారైంది ఆ పుస్తకం. ఖైదు లేకపోతే పుస్తకం లేదు.

నేను ఆ ఇంటిముందు నిలబడి ఇదంతా మా అమ్మాయికి చెప్తుంటే అది అడిగింది: "ఈయన మన ఊరు వచ్చాడా నాన్నా?" మన ఊరు అంటే దాని లెక్కలో డబ్లిన్. ఐర్లండ్‌ది కాదండీ, కాలిఫోర్నియాలో మా డబ్లిన్, బార్ట్ రైలు ఆఖరి స్టేషను. నాకు మాత్రం మన ఊరు అనగానే వేటపాలెం గుర్తొచ్చింది. గుర్తొచ్చి, కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే మార్కో పోలో పుస్తకంలో మా వేటపాలెం పక్కనే ఉన్న ఊరు ఉంది. సైకిలు మీద వెళ్ళొచ్చే దూరం. పద్దెనిమిదేళ్ళు అక్కడ పెరిగి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. దాన్ని తలుచుకోడానికి కోర్చులా దాకా రావాల్సొచ్చింది.

ఆ ఊరు మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లా, చినగంజాం మండలం.

ముట్ఫిలి రాజ్యం

మార్కో పోలో తన పుస్తకంలో 'ముట్ఫిలి' అనే రాజ్యం గురించి రాశాడు. రాజ్యం పేరు అది కాదు, మనకు తెలుసు, అది కాకతీయుల రాజ్యం, రాజధాని ఓరుగల్లు. కానీ ఓడవాళ్ళకి రాజధానితో పనేముంది? వాళ్ళకి తెలిసింది రేవు. రేవు పేరే దేశం పేరైపోయింది.

ఆయన చెప్పిన సంగతులు మూడు. ఒకటి, అక్కడ ఒక రాణి ఏలుతోందని, భర్త పోయాక నలభై ఏళ్ళుగా చాలా న్యాయంగా పాలిస్తోందని. రెండు, అక్కడ వజ్రాలు దొరుకుతాయని. మూడు, అక్కడి నూలు బట్ట సాలెగూడంత పల్చగా ఉంటుందని, ఏ రాజైనా రాణైనా మురిసిపోయి కట్టుకుంటారని.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

రాణి అంటే రుద్రమదేవి. కానీ ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. తండ్రి పాలన 1262 ప్రాంతంలో ముగిసిందనుకుంటే ఆమె ఏలింది ఇరవై ఏడేళ్ళ చిల్లర, నలభై కాదు. అన్నిటికంటే ముఖ్యం, నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళ పుణ్యం కోసం భూమి దానం చేస్తున్నామని అందులో ఉంది. మార్కో పోలో చైనా నుంచి ఓడెక్కి మన సముద్రాల మీదుగా వెళ్ళింది 1290ల మొదట్లో. అప్పటికి రాణి లేదు, మనవడు ప్రతాపరుద్రుడు గద్దెమీద ఉన్నాడు. అంటే ఆయన ఆమెను చూసే వీలే లేదు. మోటుపల్లిలో దిగాడని చెప్పడానికి కూడా గట్టి ఆధారం లేదు. ఏదో రేవులో ఎవరో నావికులు చెప్పుకుంటుంటే విన్నాడని నా నమ్మకం.

వజ్రాల కథ ఇంకా తమాషా. లోతైన లోయలు, నిండా పాములు, మనిషి దిగలేడు. అందుకని పైనుంచి మాంసం ముక్కలు విసురుతారట. వజ్రాలు మాంసానికి అంటుకుంటాయి, గద్దలు ఆ మాంసాన్ని ఎత్తుకొస్తాయి, వాటిని తోలి వజ్రాలు ఏరుకుంటారు. సింద్‌బాద్ కథలో విన్నట్టుంది కదా? దానికంటే కూడా పాతది. నాలుగో శతాబ్దంలో సైప్రస్ ద్వీపంలో సలామిస్ ఊరి బిషప్ ఎపిఫేనియస్ ఇంచుమించు ఇదే కథ రాశాడు, వేరే రత్నాల గురించి, వేరే దేశం పేరు పెట్టి. మధ్యధరా ద్వీపంలో రాసిన కథ తొమ్మిది వందల ఏళ్ళకి మన కృష్ణా తీరానికి అతికిందన్నమాట. అయితే వర్షాలకి కొండవాగులు పొంగినప్పుడు, నీళ్ళు తగ్గాక వజ్రాలు ఏరుకుంటారని కూడా ఆయన రాశాడు. అది మాత్రం నిజం. తొలకరి పడగానే అనంతపురం, కర్నూలు చేలల్లో జనం వజ్రాల కోసం వెతకడం ఇవాళ్టికీ చూస్తాం.

ఇక బట్ట. మా తాతయ్యది గుంట మగ్గం. చీరాల, వేటపాలెం చుట్టుపక్కల మగ్గం చప్పుడు లేని వీధి ఉండేది కాదు నా చిన్నప్పుడు. ఆ నాటి నేతకీ మా తాతయ్య నేతకీ తెగని దారం ఉందని నేను చెప్పలేను, మధ్యలో ఏడు వందల ఏళ్ళున్నాయి. కానీ ఆ వాక్యం చదివినప్పుడు ఛాతీ కొంచెం పొంగిందని ఒప్పుకుంటాను.

ఓడ పగిలితే సరుకెవరిది?

అసలు చెప్పాల్సింది ఇప్పుడు మొదలవుతుంది. మోటుపల్లి వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244-45. దీన్ని అభయ శాసనం అంటారు. సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉంటుంది. దాని సారం నా మాటల్లో చెప్తాను.

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు గాలివానకి చిక్కి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, పూర్వపు రాజులు అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాగేసుకునేవాళ్ళు. మేం అలా చెయ్యం. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మామూలుగా కట్టాల్సిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం. ఆ సుంకం ఎంతంటే ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. ఈ అభయం అన్ని దేశాల, ద్వీపాల, పట్టణాల వర్తకులకూ వర్తిస్తుంది.

ఆ తర్వాత సరుకుల జాబితా. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు దారం, మిరియాలు, పగడాలు. పగడాల దగ్గర ఆగండి. ఎర్ర పగడానికి పుట్టిల్లు మధ్యధరా సముద్రం. రోమన్ల కాలం నుంచీ అటునుంచి మనదేశానికి వచ్చే సరుకుల్లో అదొకటి. కోర్చులాలో నగల దుకాణం అద్దం వెనక ఎర్ర పగడాల దండ చూసినప్పుడు నాకు ఈ జాబితానే గుర్తొచ్చింది.

"పూర్వపు రాజులు లాక్కునేవాళ్ళు" అన్నది మనవాళ్ళ ఒక్కరి పాపం కాదు. ఐరోపాలో కూడా అదే ఆచారం. ఒడ్డు ఎవరిదో పగిలిన ఓడ వాళ్ళది. 1179లో రోములో జరిగిన మూడో లాటరన్ సభ, ఓడ పగిలిన క్రైస్తవుల్ని దోచుకుంటే వెలివేస్తామని తీర్మానించింది. క్రైస్తవుల్ని అని గమనించండి. 1190లో సిసిలీ ద్వీపంలో మెస్సీనా రేవులో ఆగినప్పుడు ఇంగ్లండ్ రాజు రిచర్డ్, తన రాజ్యంలో ఓడ పగిలినా ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్ళ సరుకు వాళ్ళదేనని ప్రకటించాడు. మరుసటి ఏడే ఆయన ఓడలు సైప్రస్ దగ్గర తుపానుకి పగిలాయి. అక్కడి పాలకుడు ఐజాక్ కొమ్నెనోస్ బతికినవాళ్ళని బంధించి సరుకు లాక్కున్నాడు. రిచర్డ్ దిగి 1191 మే నెలలో ద్వీపం మొత్తం గెలుచుకున్నాడు. పగిలిన ఓడల్ని దోచుకున్నందుకు ఒక రాజ్యమే పోయింది.

దీనికి యాభై ఏళ్ళ తర్వాత మన గణపతిదేవుడు ఏ కులం, ఏ మతం, ఏ దేశం అని అడక్కుండా అభయం ఇచ్చాడు. గొప్ప మాటే. కానీ చరిత్ర చదివేవాళ్ళం కదా, ఇంకో వైపు కూడా చూడాలి. కాకతీయులు మెట్ట ప్రాంతంవాళ్ళు. గణపతిదేవుడి పాలనలోనే వెలనాడు, దివిసీమ గెలిచి సముద్రం దాకా వచ్చారు. యుద్ధానికి గుర్రాలు కావాలి, ఖజానాకి సుంకం కావాలి. వర్తకుడికి భయమేస్తే ఇంకో రేవుకి పోతాడు. కాబట్టి ఇది దయా, వ్యాపారమూ కలిసిన అభయం. అదీగాక ఈ శాసనం సరుకున్నవాడి గురించే మాట్లాడుతుంది. తెడ్డు వేసినవాడు, మూటలు మోసినవాడు కొట్టుకొస్తే వాడి సంగతేమిటో అందులో కనబడదు.

ఆ జోకు సంగతి

రెండేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళకి తెలుసు, ఉద్యోగం పోయాక మహా అయితే అరవై రోజులు. ఈలోగా ఇంకోటి దొరక్కపోతే ఇల్లు, కారు, పిల్ల బడి, అన్నీ సర్దుకుని బయల్దేరాలి. యాభై రెండో రోజున నాకు ఆఫర్ వచ్చింది. ఆ యాభై రెండు రోజులూ మా ఇంట్లో వీసా అనే మాట ఎవరూ గట్టిగా అనలేదు. ఆ మాట మీద మా ఆవిడ జోకు వెయ్యడం కోర్చులాలోనే మొదటిసారి. అందుకే అంతలా నవ్వాం.

ఆ రోజుల్లో నేను రాత్రిపూట పడుకోలేక అభయ శాసనం అనువాదం చదివేవాణ్ణి. పగిలిన ఓడలో మిగిలింది ఎవరిది అన్న ప్రశ్న నాకు పాత ప్రశ్నలా అనిపించలేదు. సరుకున్నవాడికే అభయం అన్న సంగతి కూడా అప్పుడే గమనించాను. నా దగ్గర కోడింగ్ అనే సరుకుంది కాబట్టి రేవు తెరుచుకుంది. లేనివాళ్ళకి?

చివరికి వెళ్ళాను

జనవరిలో వేటపాలెం వెళ్ళినప్పుడు అమ్మతో చెప్పాను, మోటుపల్లి వెళ్ళొస్తానని. "అక్కడేముందిరా?" అంది. ఉప్పు మడులు, సరుగుడు తోటలు, ఒడ్డున పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు, గుడి. కోర్చులా కంటే నిశ్శబ్దంగా ఉంది. రాణి పేరుని వెనిస్ దాకా మోసిన రేవు ఇదేనని చెప్పే హడావుడి ఏదీ లేదు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకి రాయితీలిస్తూ శాసనం వేయించాడు. తర్వాత కాలంలో వ్యాపారం మచిలీపట్నం వైపు జరిగిపోయింది, ఈ రేవు పల్లె అయిపోయింది.

తిరిగొచ్చాక అమ్మకి ఫోన్లో తీసిన స్తంభం ఫొటో చూపించి, అందులో ఏముందో చెప్పాను. చివరిదాకా విని ఒకటే అడిగింది: "ఆ అరవై రోజులప్పుడు నాకెందుకు చెప్పలేదురా?"

ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కోర్చులా వాళ్ళు ఆధారం సరిగ్గా లేకపోయినా ఒక ఇంటికి బోర్డు పెట్టి కాపాడుకుంటున్నారు. మనకి రాతిమీద తేదీతో సహా ఆధారం ఉంది. వేసవిలో చీరాల వైపు వెళ్ళే శ్రోతలెవరైనా ఉంటే ఒక పూట కేటాయించండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. వెళ్ళొచ్చాక ఎలా ఉందో రాయండి. ఉంటానండీ.