రైలుపెట్టె వేలము - పూర్వాపరములు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, బాలుర పఠనశాలకై రైల్వేవారు సేవనుండి తొలగించిన పెట్టె నొకదానిని వేలములో కొని తేవలెనని యువకులు కొందరు ప్రస్తావించుచున్నారు. రైలుపట్టా లేని వినగడపకు రైలుపెట్టె యేమిటని నవ్వినవారును కలరు. నవ్వుటకైనను, ఔననుటకైనను ముందుగా ఆ పెట్టె పుట్టుక, వేలము పద్ధతి, దాని జమాఖర్చు తెలియుట మేలు. అందులకే ఈ వ్యాసము.

వేలము మన దేశమునకు క్రొత్త కాదు. మాట మాత్రము పోర్చుగీసువారి భాషనుండి వచ్చినదందురు. పద్ధతి అంతకు మిక్కిలి పూర్వమే కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున ఇండ్లు, పొలములు, తోటలు, చెరువులు విక్రయించు విధానము చెప్పబడినది. ఇరుగుపొరుగు నలువది కుటుంబములవారి యెదుట హద్దులను, వెలను ప్రకటించి, కొనువారెవ్వరని ముమ్మారు కేకవేయవలెను. పోటీవలన వెల పెరిగినచో ఆ పెరిగిన భాగము, శుల్కముతో కూడ, రాజకోశమునకు చేరును. ఊరి చెరువు చేపల పాటలో ఒకటోసారి, రెండోసారి, మూడోసారి యని పలుకునపుడు మనవారు ఆ ముమ్మారు కేకనే పలుకుచున్నారు.

ఇక రైలు కథ. నిజాము రాజ్యమున 1874లో వాడినుండి హైదరాబాదునకు తొలి బండి నడచెను. ఆ మార్గమే వరంగల్లు, ఖమ్మము, మధిరల మీదుగా సాగి 1889లో బెజవాడకు చేరెను. 1950లో నిజాము రైల్వే భారత రైల్వేలో కలిసెను. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే యేర్పడెను. ఇన్ని మార్పులలోను తిరువూరు ప్రాంతమునకు రైలు రాలేదు. మనవారు రైలెక్కవలెనన్న నేటికిని మధిరకో విజయవాడకో పోవలసినదే.

యువకులు కోరుచున్న నీలిపెట్టె జన్మస్థానము మద్రాసు సమీపమున పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ కర్మాగారము. స్విట్జర్లండు కంపెనీవారి సహకారముతో నిర్మించిన ఆ కర్మాగారమును 1955 అక్టోబరు 2న ప్రధాని నెహ్రూ ప్రారంభించిరి. కొయ్యపెట్టెలకు మారుగా పూర్తి ఉక్కు పెట్టెలు అచట తయారయ్యెను. ఒక్కొక్క పెట్టె పొడవు 21 మీటర్లకు పైగా, వెడల్పు 3 మీటర్లకు పైగా ఉండును. ఇంతకన్న భద్రమైన జర్మను నమూనా పెట్టెలు 2000 ప్రాంతమున వచ్చినవి. క్రమముగా వానికే ప్రాధాన్యము కలుగగా, 2018 జనవరిలో పెరంబూరువారు పాత నమూనా పెట్టెల తయారీ ముగించిరి. పాత పెట్టెకు రైల్వేవారు నిర్ణయించిన ఆయుర్దాయము 25 ఏండ్లు. అంతకుముందే పక్కకు పోయినవానిలో కొన్నిటిని మోటారుకార్లు మోయు వాగన్లుగా మార్చిరి. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు 5,000కు పైగా పెట్టెలను రోగులను వేరుగా ఉంచు గదులుగా సిద్ధపరచిరి. పనికిరావని తేలినవి తుక్కు లాట్లుగా వేలమునకు పోవును.

ఆ వేలము ఇపుడు సుత్తితో జరుగదు. ఐ.ఆర్.ఇ.పి.ఎస్. అను రైల్వేవారి అంతర్జాల స్థానమున జరుగును. కొనగోరువారు ముందు అచట నమోదై, సంతకమునకు బదులుగా డిజిటల్ సంతకపత్రము పొందవలెను. ఏ డిపోలో ఏ లాటు ఉన్నదో జాబితాలో తెలుపుదురు. నియమిత కాలమున పాట సాగును. గడువు ముగియు క్షణములలో ఎవరైన వెల పెంచినచో గడువు మరికొంత పొడిగింపబడును. రైల్వేవారు లోలోన నిర్ణయించుకొన్న కనీసపు వెలకు పాట చేరవలెను. సరుకు ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోటనే అమ్మబడును. తరువాత లోపములు చూపి వెల తగ్గింపుమనుటకు వీలులేదు. కావున పాటకు ముందే డిపోకు పోయి పెట్టెను కన్నులార చూచి, లాటు షరతులు అక్షరమక్షరము చదువవలెను. చక్రములు దానితో వచ్చునా, పెట్టెను నిండుగా తేనిత్తురా, ముక్కలు చేసియే తీసికొనిపోవలెనా యన్న ప్రశ్నలకు ఆ షరతులలోనే జవాబుండును.

ఇచట మనకు పోటీ తుక్కు వర్తకుడు. మనకది పఠనశాల, అతనికి ఇన్ని టన్నుల ఇనుము. కావున వెలను నిర్ణయించునది బరువు. మాటవరుసకు బరువు 35 టన్నులు, కిలో వెల 30 రూపాయలు అనుకొందము. పెట్టె వెల 10,50,000 రూపాయలు. 18 శాతము పన్ను 1,89,000. మొత్తము 12,39,000 రూపాయలు. ఇది లెక్కకై వేసిన యూహ మాత్రమే. పాటనాటి వెల హెచ్చుగానో తగ్గుగానో ఉండవచ్చును. దీనిపై ఎత్తుటకు క్రేన్లు, మోయుటకు పొడవైన ట్రెయిలరు, రోడ్డు అనుమతులు, దించుటకు పునాది, ఎండకాపుగా పైకప్పు, రంగు, విద్యుత్తు చేరును. మలుపుల వీధులలో 21 మీటర్ల పెట్టె ఎట్లు తిరుగునో, త్రోవలోని వంతెన లెంత బరువు మోయునో ముందే కొలిచి చూడవలెను. మే నెల యెండలో ఉక్కుగోడల నడుమ పిల్లలను కూర్చుండబెట్టుట యెట్లో కూడ ఆలోచింపవలెను.

అట్లని ఈ ఆలోచన గాలిమేడ కాదు. 2020లో ఆసన్‌సోల్ స్టేషనున పాత పెట్టెలు భోజనశాల లయ్యెను. 2023లో మన కాచిగూడలోను అట్టిది వెలసెను. 2020లోనే మైసూరు అశోకపురమున రెండు పాత పెట్టెలు ప్రభుత్వ పాఠశాల తరగతిగదు లయ్యెను. అవి వేలములో కొన్నవి కావు. రైల్వే వర్కుషాపువారే సిద్ధపరచి యిచ్చినవి. కెనడాలోని ఉత్తర ఆంటారియోలో 1926 మొదలు 1967 వరకు రైలుపెట్టెలే బడులై, అడవులలోని రైల్వే కార్మికుల బిడ్డలకు చదువు చెప్పెను. వానిలో నొకదానిని తుక్కు కాకుండ 1982లో క్లింటన్ పట్టణమువారు కొని, ప్రదర్శనశాలగా నిలుపుకొనిరి.

మన కృష్ణాతీరమున ఇంకొక దృష్టాంతము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు మొదలైన గ్రంథాలయ సేవకులు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపి, ప్రయాణికులకును గట్టు గ్రామములవారికిని పుస్తకము లందించిరి. ఆ పడవకు పేరు తెచ్చినది దాని కొయ్య కాదు, అందలి పుస్తకములును వానిని పంచిన చేతులును.

కావున సభ్యులకు మూడు మాటలు మనవి చేయుచున్నాను. మొదటిది, వేలమునకు పోకముందు మైసూరు ఉదాహరణ చూపి రైల్వే అధికారులకు అర్జీ పెట్టవలెను. రెండవది, పాటకే పోవలసివచ్చినచో దానికి చందా వేరుగా వసూలు చేయవలెను. ఏటేట పుస్తకములు కొను పద్దునుండి ఒక్క రూపాయియైనను తీయరాదు. మూడవది, ప్రతిసాయంకాలము తలుపు తీసి పిల్లలను కూర్చుండబెట్టువారి పేర్లు ముందే వ్రాసికొనవలెను. ఈ మూడును కుదిరిన నాడు నేను సంతోషముతో మొదటి చందా చెల్లింతును. కుదరనినాడు, ఉన్న గదికే మరి రెండు కిటికీలు పెట్టించి బాలుర పుస్తకములకు ఒక బీరువా చేయించుటయే యుక్తము. రైలుపెట్టెకు ఇరువదియైదేండ్లు ఆయుర్దాయము; గ్రంథాలయమునకు అది బాల్యము. ముందున్న యేండ్లకు ఏది అక్కరయో సర్వసభ్య సమావేశమున తలచి నిర్ణయింతురుగాక.