థర్మామీటరు ఎన్ని చేతులు మారింది?

వైద్యంలోకి కృత్రిమ మేధ వస్తోంది. దాన్ని నమ్మడానికి జంకే జనాన్ని చూసి 'చదువులేనితనం' అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. ఆ జంకుకు చరిత్ర ఉందని మేం అంటున్నాం.

1929లో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఒక ఉత్తరాన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చేర్చారు. కాథియవాడ్‌లో ఒక దళిత పంతులు భార్య బాలింత. జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెనే వాడ బయటికి తీసుకురావాల్సొచ్చింది. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే దారిన అది వెనక్కి వెళ్లింది. డాక్టరు దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. ఆమెను ముట్టుకోలేదు. ఆమె బతకలేదు. పాదరసానికి కులం లేదు గానీ అది పట్టుకున్న చేతికి ఉంది.

అమెరికా నల్లజాతివాళ్లకూ ఇలాంటి జ్ఞాపకాలున్నాయి. బ్లాక్ పాంథర్ల స్ఫూర్తితో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టిన 1972లోనే అక్కడ టస్కెగీ ఉదంతం బయటపడింది. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లకు వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో 1932 నుంచి సర్కారే చూస్తూ కూర్చుంది. పెన్సిలిన్ వచ్చాకా ఇవ్వలేదు.

2023లో ప్యూ సంస్థ అడిగితే, డాక్టరు కృత్రిమ మేధ మీద ఆధారపడితే తమకు ఇబ్బందేనని అమెరికన్లలో 60 శాతం మంది చెప్పారు. అయితే వైద్యంలో జాతి వివక్ష సమస్యేనన్నవాళ్లలో సగం మంది, యంత్రం వస్తే అది తగ్గొచ్చన్నారు. ఈ ఆశ మాకు అర్థమవుతుంది. యంత్రానికి అంటూ మైలా ఉండవు కదా!

కానీ 2019లో 'సైన్స్' పత్రిక ఒక పరిశోధన వేసింది. ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేల్చే ఒక కంప్యూటర్ లెక్కను అది పరీక్షించింది. అందులో జాతి అన్న గడే లేదు. ఎవరి వైద్యానికి ఎంత ఖర్చయిందో చూసి, దాన్నిబట్టి అవసరాన్ని కొలిచింది. నల్లవాళ్ల మీద ఖర్చు తక్కువ, కాబట్టి జబ్బూ తక్కువే అనుకుంది. దాన్ని సరిచేస్తే సాయానికి ఎంపికయ్యేవాళ్లలో నల్లవాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

మన దేశంలోనూ కులం గడి తీసేసినంత మాత్రాన సరిపోదు. ఆసుపత్రి గడప తొక్కనివ్వని మనుషుల రోగం ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకే యంత్రాన్ని నమ్ముతారా లేదా అని వాడను అడిగేముందు, ఆ యంత్రం ఎవరి లెక్కలు చదివిందో, అందులో వాడ ఉందో లేదో చెప్పాలని మేం అడుగుతున్నాం.