మందిచ్చే చేతికి ఇంకో పని

చలిమంట ఇప్పుడే అంటుకునింది, చేతులు కాచుకుంటా విను నాయనా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, అయినా ఈ పొద్దుకు నువ్వే లోకువ, నువ్వే నాకు దిక్కు. మన బైరెడ్డిపల్లెలో ఈ మాటలు చెప్పే తరం ఇంక ఎంతమంది మిగిలినారని? డాక్టర్లు, నర్సమ్మలు, కాంపౌండర్ల గురించి చెప్తా. వాళ్ల చదువుల గురించి కాదు, వాళ్ల పిచ్చుల గురించి. ఒకరికి పాట పిచ్చి, ఒకరికి కథల పిచ్చి, ఒకరికి ఇల్లిల్లూ తిరిగి మనుషుల లెక్క రాసుకునే పిచ్చి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఆ పిచ్చులే లేకుంటే మన సీమలో సగం మందులు సీసాల్లోనే మిగిలిపోయేవి. ఎట్లా అంటావా? ఆ చెప్పేదే చెప్పబోతా ఉండాను, నీకు పని ఏమీ లేదని నాకు తెలుసు.

ముందు ఆ కాలం ఆస్పత్రి ఎట్లుండేదో తెలియాల. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. అంతకు ముందు మాట ఇది, అణాకు రెండు ఇడ్లీలు, పైన దండిగా చట్నీ. సర్కారు ఆస్పత్రిలో మందు ధర్మానికే, సీసా మాత్రం మనది. ఆముదం సీసానో, తేనె సీసానో బూడిదేసి కడిగి, బిరడా వెతుక్కుని పోవాల. కాంపౌండరు దాంట్లో ఎర్ర నీళ్ల మందు పోసి, కాగితం ముక్కను గాట్లు గాట్లుగా కత్తిరించి సీసా పక్కన అంటించేవాడు. పూటకో గాటు తాగాల. తొందరగా నయమైతాదని మొత్తం ఒక్క గుక్కలో దించి, సాయంత్రానికి మళ్లీ వట్టి సీసా పట్టుకుని నిలబడిన మహానుభావులు మన వీధిలోనే ఉండిరి.

ఇంక మర్యాదలు చూడు. ఆస్పత్రి గడప బయటే చెప్పులు విడిచేది. దేవుడి దగ్గరికీ, వైద్యుడి దగ్గరికీ వట్టి చేతులతో పోకూడదని సొరకాయో, శేరు రాగులో, బెల్లం ఉండో తీసుకుని పోయేది. కొత్త కోడలు తన జబ్బు తాను చెప్పుకోకూడదు, అత్తే చెప్పాల. అత్త మొదలుపెడితే కోడలి కడుపునొప్పి రెండు మాటల్లో ముగిసి, తన మోకాళ్ల నొప్పి దగ్గరికి వచ్చేది. డాక్టరు కోడలికి మందిస్తే, అది తాగేది అత్త. నవ్వొద్దు, నీ ఇంటి పెద్దలే వాళ్లు.

అట్లాంటి రోజుల్లో మా పక్కకు ఒక కాంపౌండరు వచ్చినాడు. పేరు చెప్పను, వాళ్ల పిల్లాజెల్లా ఉండారు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, హార్మోనీ అంటే ప్రాణం. మన చిత్తూరు సీమలో ఎండాకాలం వస్తే భారతం పెడతారు కదా, ద్రౌపదమ్మ గుడి ముందర పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, ఒకనాడు అర్జునుడు తపసు మాను ఎక్కడం, ఆఖరునాడు దుర్యోధన వధ. ఆ రాత్రుల్లో హార్మోనీ వాయించేవాడు అలసిపోతే, ఈయన చొక్కా చేతులు మడుచుకుని పోయి కూర్చునేవాడు. మొదట్లో జనం విడ్డూరంగా చూసినారు. సూదేసే మనిషికి శ్రుతేమి తెలుసని! రెండో రాత్రికి వేషగాళ్లే ఆయన కోసం ఎదురుచూసేది మొదలుపెట్టినారు.

అప్పట్లో ‘అమ్మవారు’ అంటే ఊరు ఊరంతా వేపమండల కింద దాక్కునేది. మశూచి టీకాలు వేసేవాళ్లు వస్తా ఉండారని తెలిస్తే తల్లులు పిల్లలను గాదెల్లో దాచేసేవాళ్లు. టీకా వేయించుకుంటే అమ్మకు కోపం వస్తాదని ఒక భయం, చెయ్యి వాస్తాదని ఇంకో భయం. ఒక రాత్రి ఈయన, దుర్యోధనుడు తెర వెనక నిలబడి కాళ్లు దరువేస్తా ఉంటే, హార్మోనీ ఆపి తన చేతి మీది టీకా మచ్చ అందరికీ చూపించినాడు. రేపు పొద్దున నేనే వస్తాను, అమ్మకు మొక్కుకుని చెయ్యి చాపండి అన్నాడు, మళ్లీ వాయించేది మొదలుపెట్టినాడు. అంతే, ఉపన్యాసం లేదు. పొద్దున్నే తలుపు తడితే, రాత్రంతా ఆయన పాట విన్న ఆడవాళ్లు ఏ మొహంతో తలుపేస్తారు? నోరు మంచిదైతే ఊరు మంచిది. ఆ మశూచి మన దేశంలో 1975లో ఆఖరుసారి కనిపించి పోయింది. నీ చేతి మీద ఆ గుండ్రటి మచ్చ లేదు. మీ తాత చేతి మీద ఉండాది, పోయి చూసుకో.

ఇంక మదనపల్లె. ఆ ఊరి పేరెత్తితే నాకు నోరాగదు. 1919లో రవీంద్రుడు అక్కడి థియోసాఫికల్ కాలేజీలో దిగి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. మార్గరెట్ కజిన్స్ అని సంగీతం చదువుకున్న ఐర్లండు ఆమె ఆ పాట బాణీని స్వరాల్లో రాసిపెట్టింది. నువ్వు బడిలో నిలబడి పాడిన పాటకు మన పక్క ఊరితో అంత చుట్టరికం ఉండాది. సరే, పాటలో పడి మందు మరిచేట్టుండాను, దారికొస్తా.

మదనపల్లె రెండు వేల అడుగులకు పైన ఉండే ఊరు, పొడి గాలి. క్షయ రోగులకు ఆ గాలి మంచిదని, చాలా మిషన్లవాళ్లు చేతులు కలిపి ఊరి బయట ఒక శానిటోరియం కట్టి 1915లో తెరిచినారు. అదే ఆరోగ్యవరం. మొదటి పెద్ద డాక్టరు డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఒక్క మాట గుర్తుపెట్టుకో. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. అంటే దాదాపు ముప్ఫై ఏండ్లు అక్కడ మందు లేకుండానే వైద్యం. గాలి, తిండి, పడక, అంతే. కొందరికి పక్కటెముకల మధ్య సూది పెట్టి గాలి ఎక్కించి, జబ్బు పడిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇచ్చేవాళ్లు. మందు లేని చోట రోగిని నెలల తరబడి ఆపి ఉంచేది డాక్టరు ఓపిక ఒక్కటే. అక్కడే పనిచేసిన పి.వి. బెంజమిన్ తర్వాత ఢిల్లీకి పోయి, దేశం మొత్తానికి క్షయ సలహాదారుగా ఉన్నాడు.

మోలర్ దొర కొడుకు జొహానెస్ కూడా డాక్టరే. ఆయనకు పట్టిన పిచ్చి ఇంకో రకం. రోగి ఆస్పత్రికి వచ్చేదాకా కూర్చుంటే ఊళ్లో జబ్బు ఎంతుందో ఎట్లా తెలుస్తాదని, 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టు పల్లెలన్నీ ఇల్లిల్లూ లెక్కెట్టించినాడు. ఇంట్లో ఎంతమంది, వయసెంత, చేతికి సూది పరీక్ష, ఛాతీకి ఫోటో. 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ లెక్క అచ్చైంది. మన చెనిగ్గింజల చేలగట్ల మీద నడిచిన కాగితం జెనీవా దాకా పోయింది నాయనా! జనమేమో, జబ్బు లేనోళ్ల ఇంటికి డాక్టరెందుకు వస్తాడని అనుమానపడిరి. ఛాతీ ఫోటోకు పెండ్లి కోక కట్టుకుని పోయినోళ్లు ఉండారు. లోపలి ఎముకలే పడతాయంటే వాళ్లు నమ్మలేదు.

దేశంలో బీసీజీ టీకా మొట్టమొదట వేసిందీ మదనపల్లెలోనే, 1948 ఆగస్టులో. దాని మీద ఎంత రచ్చ అయిందో తెలుసునా? 1955లో రాజాజీ అంతటాయనే ఆ టీకా వద్దని పుస్తకమే వేసినాడు. తర్వాత చెంగల్పట్టు పక్క పెద్ద పరీక్ష పెట్టి చూస్తే, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను అది ఆపదని తేలింది. అయినా పసిబిడ్డలకు మెదడుకు పాకే క్షయ రాకుండా అది కాస్తాది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తా ఉండారు. టీకాను దేవుడని మొక్కినోళ్లకూ, దయ్యమని తిట్టినోళ్లకూ ఆ పరీక్షే జవాబు చెప్పింది.

ఇంక అసలు సంగతి. 1956లో మద్రాసులో ఒక పని చేసినారు. క్షయ రోగులను రెండు వరసలుగా పెట్టినారు. ఒక వరసకు శానిటోరియంలో పడక, మంచి తిండి, మందులు. ఇంకో వరసకు వాళ్ల ఇరుకిండ్లలోనే, వాళ్ల గంజితోనే, అవే మందులు. ఏడాది చూస్తే రెండు వరసలూ ఇంచుమించు ఒకటే తీరుగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకూ జబ్బు జాస్తిగా అంటలేదు. 1959లో ఈ మాట బయటికొచ్చింది. దాంతో లోకమంతా శానిటోరియంల పని తగ్గిపోయింది. రోగి ఇల్లు వదిలి పోనక్కరలేదు, మాత్రే ఇంటికి వస్తాది. ఎంత మంచి కాలం!

అయితే కష్టమంతా అక్కడే మొదలైంది. రెండు నెలలు మాత్రలు మింగితే దగ్గు తగ్గుతాది, ఒళ్లు వస్తాది. మన మనిషి ఏమంటాడు? నాకు నయమైపాయె, ఈ మాత్రలు వేడి చేస్తా ఉండాయి అని చూరులో చెక్కేస్తాడు. ఏడాది తిరిగేసరికి జబ్బు ఇంకా మొండిదై లేస్తాది. ఆయన చూరులోంచి మాత్ర తీసి నోట్లో వేసుకునేట్టు చేసేదెవరు? చట్టం చెయ్యలేదు. గోడ మీది బొమ్మ చెయ్యలేదు. ఆయన నమ్మే మనిషి ఒకరు ఇంటికి రావాల, వాకిట్లో కూర్చోవాల, చెనిగ్గింజల ధర గురించి మాట్లాడాల, ఆ తర్వాతే మాత్ర సంగతి అడగాల. ఊరితో అట్లా కలవాలంటే ఆ మనిషికి జీతం ఒకటే చాలదు. జీతం కానిది ఇంకేదో కావాల. నేను చెప్పే పిచ్చి అదే.

మా పక్క పల్లెలకు వచ్చే ఒక నర్సమ్మకు పూల చెట్ల పిచ్చి. మన మూల మూడు రాష్ట్రాల ముడి. ఒక వీధిలో తెలుగు, ఒక వీధిలో కన్నడం, ఇంకో ఇంట్లో అరవం. ఆమెకు మూడూ అరకొరే. అయినా సంచిలో మాత్రలతో పాటు కనకాంబరం నారు పెట్టుకుని తిరిగేది. నారు ఇచ్చి పోయేది, వారం తిరిగి చెట్టెట్లుండాదో చూడ్డానికి వచ్చేది. చెట్టు చూస్తా చూస్తా చూలాలి కాళ్ల వాపు చూసేది, చంకలో బిడ్డ బరువు చూసేది. కాన్పుకు ఆస్పత్రికి పోవద్దని మొండికేసిన ముసలమ్మలు కూడా పూలమ్మ చెప్పింది కదా అని బండి కట్టించినారు.

ఇట్లాంటోళ్లు మన మూలకే కాదు. కర్నూలు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పిన శ్రీపాద పినాకపాణి గారి పేరు వినుంటావు. పగలు వైద్యం, దానికి అటూ ఇటూ సంగీతం. 1913లో పుట్టి 2013 దాకా బతికినాడు. 1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ ఆయన శిష్యులు. రాగంలో వెంట్రుకవాసి తేడా పట్టే చెవి, రోగి చెప్పే మాటను సగంలో తుంచదని నా నమ్మకం.

మన జిల్లా బిడ్డ కేశవరెడ్డి ఉన్నాడు. 1946లో తలుపులపల్లెలో పుట్టి, వైద్యం చదివి, నిజామాబాదు పక్క డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో ఏండ్ల తరబడి పనిచేసినాడు. అందరూ దూరం జరిగే పుండును చేత్తో ముట్టుకున్న మనిషి. రాత్రి కూర్చుని రాసిందేమో మన చిత్తూరు అడవులూ, మన కూలోళ్లూ, మన మాటా. ‘అతడు అడవిని జయించాడు’ చదివినావా? తప్పిపోయిన పందిని వెతుక్కుంటా ఒక ముసలాయన అడవిలో పడిపోతాడు, అంతే కథ. చదవకపోతే సంతకు పోయినప్పుడు కొనుక్కో, ఆ ఫోనులో చూసేదానికంటే మేలు. వెలేసినోళ్ల గాయం కడిగిన చేతికి, వెలేసినోళ్ల కథ రాయడం వేరే పని కాదు. 2015లో పోయినాడు, పుస్తకాలు ఉండాయి.

ఇప్పుడు నీ కాలానికి కొరతేముంది? 2005 నుంచి 108 బండి వస్తా ఉండాది. కుప్పంలో పెద్ద వైద్య కళాశాలే ఉండాది. ఇంటింటికీ ఆశా అమ్మాయి వస్తాది. బండి ఎక్కించడానికి ఎడ్లు వెతికే పని లేదు. అయినా మన పల్లె ఆస్పత్రికి వచ్చిన డాక్టరు ఏడాది తిరక్కుండానే బదిలీ కాగితం పట్టుకుంటాడు. ఎందుకంటావు? మనం ఆ పిల్లోడినో, పిల్లనో అడిగేవి మూడే మాటలు. జీతమెంత, పెండ్లయిందా, ఏ కులమోళ్లు. నాలుగోసారి కలిసినప్పుడు, రొంత సూది వెయ్యి సారూ, సెలైన్ ఎక్కించు సారూ, మాత్రలకు మాకు తగ్గదు అని పోరు. పొద్దుగూకినాక ఆ బిడ్డ ఒంటరిగా గదిలో ఏమి చేస్తాడో ఎవరూ అడగరు.

నువ్వు అడుగు. నీకేమి ఇష్టం సారూ, అని అడుగు. ఆట అంటే బడి మైదానంలో పిల్లలతో ఆడించు. పాట అంటే భారతం రాత్రుల్లో కూర్చోబెట్టు. చెట్లంటే ఆస్పత్రి వెనక బీడు దున్నించి ఇయ్యి. రాతంటే మీ అవ్వల దగ్గర కూర్చోబెట్టు, వాళ్ల దగ్గర కథలు దండిగా ఉండాయి. ఊళ్లో తనదంటూ ఒకటి దొరికిన మనిషి ఊరు వదలడు. వదలకుండా పదేండ్లు ఉన్నాడనుకో, ఎవరింట్లో ఎవరికి ఏ మందు పడదో ఆయనకు నోటికొస్తాది. కొత్త వైద్యుడి కంటే పాత రోగి మేలని సామెత. మన వైద్యుడే ఈడ పాతబడేదాకా ఉంటే, ఆ సామెతతో మనకు పనే ఉండదు.