రసార్ణవంలో రంగుమంటలు

మొన్నొక సభలో ఒక పెద్దాయన లేచి, "జ్వాలా పరీక్ష జర్మన్ల కంటే కొన్ని వందల ఏళ్ళ ముందే మనవాళ్ళకి తెలుసు. మీ హేతువాదులు మాత్రం ఒప్పుకోరు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఆయనకి కాస్త నిరాశ కలిగినట్టుంది.

నిజమే మరి. రసార్ణవం అనే సంస్కృత రసవాద గ్రంథంలో రాగి మంట నీలమనీ, తగరం మంట పావురం రంగనీ, సీసం మంట పాలిపోయి ఉంటుందనీ ఉంది. ఈ సంగతి లోకానికి చాటింది ఏ స్వామీజీయో కాదు, ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. ఎడిన్‌బరోలో 1887లో డాక్టరేట్ చేసి, 1889 నుంచి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన రసాయన శాస్త్రవేత్త. హిందూ రసాయన శాస్త్ర చరిత్రను 1902, 1909లలో రెండు భాగాలుగా వేశాడు. రసార్ణవం సుమారు 12వ శతాబ్దం నాటిదని ఆయన అంచనా.

పెద్దాయన చెప్పకుండా దాటేసిన ముక్క ఒకటుంది. ఇంత తెలిసినవాళ్ళు అక్కడే ఎందుకు ఆగిపోయారని కూడా రాయ్ అడిగాడు. చేత్తో పనిచేసేవాళ్ళని కులం పేరుతో కిందికి తోసేశాం, చదువుకున్నవాళ్ళు ఆ పనులు ముట్టుకోవడం మానేశారు, ఇక ఎలా, ఎందుకు అని అడిగేవాడే లేకుండా పోయాడు అన్నాడు. శంకరుడి మాయావాదాన్నీ వదల్లేదు. ఈ పేజీలు మన దేశభక్తులు ఉదహరించగా నేనెప్పుడూ వినలేదు.

అసలు రంగు చూడగానే పరీక్ష అయిపోదు. డిగ్రీలో నాకొచ్చిన పొటాషియం లవణాన్ని నేను సోడియం అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను. చేతి చెమటలోని రవ్వంత సోడియం చాలు, దాని పసుపు పొటాషియం ఊదారంగుని మింగేస్తుంది. నీలం కోబాల్టు గాజులోంచి చూస్తే పసుపు ఆగిపోయి ఊదా బయటపడుతుంది. మొదటి గ్రూపు కాటయాన్లూ అంతే. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే వెండి, సీసం, మెర్క్యురస్ మూడూ తెల్లటి అవక్షేపమే ఇస్తాయి. వేడినీళ్ళలో కరిగితే సీసం. అమ్మోనియాలో కరిగితే వెండి, నల్లబడితే మెర్క్యురస్. నా ఊహ తప్పయితే తప్పని చెప్పే దారి ప్రతి మెట్టులోనూ ఉంది.

రాయ్ మెండలీఫ్ పట్టికలో ఖాళీలు పూరించే మూలకాల కోసం భారతీయ ఖనిజాలు పరీక్షించాడు. కొత్త మూలకమేమీ దొరకలేదు. కానీ పాదరసం మీద సజల నైట్రిక్ ఆమ్లం పోస్తే పసుపు స్ఫటికాలు కనపడ్డాయి. మొదట అది క్షార లవణమనుకున్నాడు. అంత ఆమ్లంలో క్షార లవణం ఏర్పడ్డమేమిటని అనుమానం వచ్చి పరీక్షలు చేస్తే, అది మెర్క్యురస్ లవణమూ, నైట్రైటూ కూడా అని తేలింది. 1896లో ప్రకటించిన మెర్క్యురస్ నైట్రైట్ అదే. తన మొదటి మాటని తనే అనుమానించడం నాకు ఆ స్ఫటికాల కంటే ముచ్చటేస్తుంది.

ఇదంతా పాత చరిత్రే అనుకునేవాణ్ణి. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటో, అంతకన్నా ఎక్కువో ఉన్నాయని 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఆ మాటంటే పెద్దాయన, శుద్ధి చేసిన నాగభస్మంలో సీసం సీసంగా ఉండదన్నాడు.

సరే, మీరు వాడే పొట్లమే తెండి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి మొదటి గ్రూపు పరీక్ష చేద్దాం, గాజునాళిక మీరే పట్టుకోండి అన్నాను. వస్తానన్నాడు. ఇంకా రాలేదు.