పిన్ని వేళ్ళు, పిన్ని గుండె

కడియంలో మా పిన్ని ఇరవై ఏళ్ళకు పైగా నర్సరీ పనికి వెళ్ళింది. పాలిథిన్ కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం, లారీలొస్తే మొక్కలు ఎత్తడం. నలభై దాటాక వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున్నే లేస్తే గంటసేపు పిడికిలి బిగిసేది కాదు. అది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని తేలడానికే మూడేళ్ళు పట్టింది. అప్పట్నించీ వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. "ఆదివారం బిళ్ళ" అంటుంది దాన్ని.

ఒకరోజు అంట్లు కడుతుండగా ఛాతీలో బరువు, దవడ లాగడం, చెమటలు. "గ్యాసు పట్టేసిందే అమ్మాయ్" అని సోడా తాగింది. చూసిన డాక్టరూ గ్యాసే అన్నాడు. ఈసీజీ తీయలేదు. మర్నాడు రాజమండ్రిలో తీస్తే గుండెపోటని తేలింది. రక్తనాళంలో గడ్డ. అన్నేళ్ళుగా కీళ్ళకి మందు రాసినవాళ్ళెవరూ గుండె మాట ఎత్తలేదు. అదేమని అడిగితే, "అది వేరే డిపార్టుమెంటమ్మా" అన్నారు.

ఆ "వేరే" అన్న మాట నన్ను వదల్లేదు. చదవగా తెలిసింది, ఇది చాలా పాత తగాదా. పాడైన ధమనుల్లో కనిపించే మందాన్ని చూసి 1840లలో వియన్నాలో రోకిటాన్‌స్కీ, అది రక్తంలోంచి పేరుకున్న పదార్థమన్నాడు. 1850లలో విర్కోవ్, కాదు, ధమని గోడలోనే పుట్టిన వాపు అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం గడ్డ చదువు ఒకవైపు, వాపు చదువు ఒకవైపు నడిచాయి.

నిజానికి రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకునేవే. ధమని గోడలో వాపున్నచోట చేరిన తెల్ల కణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ తయారుచేస్తాయి. అది రక్తానికి తగిలిందా, గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ క్రమంలో పుట్టే త్రాంబిన్ ఊరుకోదు. నాళపు లోపొరని రెచ్చగొట్టి మరిన్ని తెల్ల కణాలని రప్పిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు మనల్ని కాపాడే ఏర్పాటే ఇది.

ఈ బంధం మనుషుల్లో స్పష్టంగా కనిపించింది ఆస్పిరిన్ వల్ల. 1980లలో అమెరికాలో 22,071 మంది డాక్టర్లకి రోజు విడిచి రోజు ఆస్పిరినో, ఉత్తుత్తి బిళ్ళో ఇచ్చారు. అందరూ మగవాళ్ళే. ఆస్పిరిన్ వాడినవాళ్ళలో మొదటి గుండెపోట్లు 44 శాతం తక్కువని 1989లో ప్రకటించారు. పాల్ రిడ్కర్ బృందం వాళ్ళ నిలవ రక్తంలో సీ-రియాక్టివ్ ప్రోటీన్ కొలిచింది. ఒంట్లో వాపుంటే లివరు తయారుచేసేది అది. 1997లో వచ్చిన ఫలితం ప్రకారం, అది బాగా ఎక్కువున్నవాళ్ళకి ఆస్పిరిన్‌తో గుండెపోట్లు 56 శాతం తగ్గితే, బాగా తక్కువున్నవాళ్ళకి 14 శాతమే తగ్గాయి. అంటే గడ్డని ఆపే మందు వాపున్నవాళ్ళకే ఎక్కువ పనికొచ్చింది.

మరి ఆడవాళ్ళు? 39,876 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలతో చేసిన ఆస్పిరిన్ పరీక్ష ఫలితం 2005లో గానీ రాలేదు. మొత్తం మీద మొదటి గుండెపోట్లు తగ్గలేదు. 65 దాటినవాళ్ళలో తగ్గాయి. పక్షవాతం 17 శాతం తగ్గింది. పదహారేళ్ళపాటు మగవాళ్ళ లెక్కే మనకీ లెక్క! (ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళకిచ్చే ఆస్పిరిన్ సంగతి వేరు, అది మానకూడదు.)

పిన్ని ప్రశ్నకి అసలు జవాబు నర్సుల దగ్గర దొరికింది. అమెరికాలో లక్షా పద్నాలుగు వేలకు పైగా నర్సుల్ని ఏళ్ళ తరబడి పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ ఉన్న స్త్రీలకి గుండెపోటు ప్రమాదం రెండింతలు. ఆ జబ్బు పదేళ్ళు దాటితే మూడింతలు. కీళ్ళలో రాజుకున్న వాపు కీళ్ళలోనే ఉండిపోదన్నమాట. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువగా వచ్చే జబ్బిది. అయినా ఈ ముక్క కడియం దాకా రాలేదు.

గుండెజబ్బు పట్నం మగవాళ్ళదే అనడానికీ వీల్లేదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాదిపాటు మరణాలు నమోదుచేస్తే, 1,354 చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే.

ఇక ఆదివారం బిళ్ళ. దాని మూలం భీమవరంలో పుట్టి రాజమండ్రి బడికి వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌కి విరుగుళ్ళు తయారుచేసింది. పిల్లల రక్తకాన్సరుకి సిడ్నీ ఫార్బర్ వాడినవి అవే. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అది వాడే కీళ్ళవాతం రోగుల్లో గుండెజబ్బు చావులు తక్కువని 2002లో ఒక పరిశీలన చెప్పింది. అలాగైతే కీళ్ళవాతం లేని గుండెరోగులకీ ఇచ్చి చూద్దామని రిడ్కరే 4,786 మందితో పరీక్ష పెట్టాడు. 2018లో ఫలితం వచ్చింది. వాపు సూచికలూ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. అంతకుముందు ఏడాది, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒక్క సంకేతాన్ని అడ్డుకునే మందు మాత్రం ప్రమాదాన్ని 15 శాతం తగ్గించింది. ఏ వాపు, ఎవరి ఒంట్లో అన్నది చూడక తప్పదు. రెండో ప్రశ్న ఇంకా సరిగ్గా అడగలేదనే నా అభిప్రాయం. ఆ 4,786 మందిలో ఆడవాళ్ళు అయిదోవంతు కూడా లేరు.

ఇప్పుడు పిన్ని మందుల డబ్బాలో ఆదివారం బిళ్ళ పక్కన ఆస్పిరిన్ చేరింది. సుబ్బారావు గారి కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "పెళ్ళయిందా ఆయనకి?" అంది.

అయింది. భార్య పేరు శేషగిరి. ఆయన 1948లో అక్కడే చనిపోయాడు, మళ్ళీ ఈ దేశానికి రాలేదు. ఆవిడ ఇక్కడే ఉండిపోయింది.

"మరి ఆవిడ గురించి ఏం రాశారే?" అంది పిన్ని.